పెద్దాయన దగ్గర చిత్రాన్నం వాసన

వయసులో ఉన్నప్పుడు ఒళ్ళు అలసిపోదని అంటారు. అన్నవాళ్ళెవరో గానీ ఆ రోజుల్లో నన్ను చూసి ఉండరు. ఇంజనీరింగ్ పూర్తిచేసి, సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూలకి ఎక్కే గడపా దిగే గడపా అయ్యి, చివరికి బెంగళూరులో మహదేవపుర వైపు ఒక టెస్టింగ్ ల్యాబ్‌లో చేరిన కొత్తలో, నేను పొద్దున లేవడమే అలసిపోయి లేచేవాణ్ణి. మా పీజీ హాస్టలు కుందలహళ్ళిలో. అక్కణ్ణుంచి ల్యాబ్ పెద్ద దూరమేమీ కాదు గానీ బస్సులో ఎంతసేపు పడుతుందో ఆ రింగురోడ్డుకే తెలియదు. నిలబడి నిద్రపోవడం అక్కడే నేర్చుకున్నాను (నా స్టాపు రాగానే కండక్టరే భుజం తట్టి దింపేవాడు, మంచి మనిషి). ఏలూరులో మా నాన్న కనిపించిన ప్రతివాళ్ళకీ "మావాడు బెంగళూరులో సైంటిస్టండీ" అని చెప్పుకునేవారు. అక్కడ నేను చేసే పని నీళ్ళు కాయడం. అవైనా మరిగేదాకా కాదు. కనీసం గోరువెచ్చగా కూడా అయ్యేవి కావు.

మైక్రోవేవ్ ఓవెన్ అట్టపెట్టె మీద ఇన్ని వాట్లు అని రాసి ఉంటుంది కదా, ఆ మాట నిజమో కాదో తేల్చడం మా పని. గాజు గిన్నెలో లీటరు నీళ్ళు పోసి, వాటిని సరిగ్గా పది డిగ్రీలకి చల్లబరిచి, ఓవెన్ నడుమ పెట్టి, ఇంకో పది డిగ్రీలు వేడెక్కడానికి ఎంతసేపు పట్టిందో చూసి లెక్కకట్టాలి. చెప్పడానికి ఇంతే. ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ళు ఏడు దగ్గర ఉంటాయి, ఒక ఆవలింత ఆవలించి చూస్తే పన్నెండు దాటి ఉంటాయి. మళ్ళీ మొదటికి. పైగా ఒకసారి నడిపిన ఓవెన్ పూర్తిగా చల్లారేదాకా ఇంకోసారి నడపకూడదు కాబట్టి, దాని ఎదురుగా స్టూలు మీద కూర్చుని అది చల్లారడం చూడటం కూడా ఉద్యోగంలో భాగమే. ఇక వేడి అన్ని వైపులా సమానంగా తగులుతోందా లేదా అన్నది వేరే పరీక్ష. పళ్ళెంలో గుడ్డు కస్టర్డ్ పోసి వండి, ఎక్కడ గట్టిపడింది, ఎక్కడ నీళ్ళలా ఉండిపోయింది అని చూడాలి. ఆ కస్టర్డ్ కలిపే సీనియర్‌ది హైదరాబాదు. ఆవిణ్ణి మేమంతా కస్టర్డ్ అక్క అనేవాళ్ళం. పరీక్ష అయిపోయిన కస్టర్డ్ పారేయడానికి మనసొప్పక కొన్నాళ్ళు ఇష్టంగా తిన్నాను, కొన్నాళ్ళు మర్యాదకి తిన్నాను, ఆ తరవాత కళ్ళు మూసుకుని మింగాను. ఇప్పటికీ పెళ్ళిభోజనాల్లో కస్టర్డ్ గిన్నె కనిపిస్తే పక్క వరసలోకి జరుగుతాను.

మా మేనేజరుకి నేను చాటుగా పెట్టుకున్న పేరు పది డిగ్రీల సారు. కె.ఆర్.పురంలో సొంత ఇల్లు, వాళ్ళ తాతల కాలం నుంచీ బెంగళూరే, ఇంట్లో తెలుగు. ఆ తెలుగు మా ఏలూరు తెలుగు కాదు. మొదటి రోజు "ఏమప్పా, నీళ్ళు ఎట్లుండాయి?" అని అడిగితే బాగానే ఉన్నాయండీ అన్నాను. ఆయన అడిగింది ఎన్ని డిగ్రీలని! మనిషి బంగారం, చేతిలో థర్మామీటరు లేనంతసేపు. ఆయనకి ప్రాణం మా ల్యాబ్‌లో ఉండే ఒక పాత ఓవెన్. మిగతా ఓవెన్లు పరీక్షకి వస్తాయి, పోతాయి. ఇది మాత్రం పోదు. ప్రతి సోమవారం అన్నిటికన్నా ముందు దీన్ని పరీక్షించాలి. ఎప్పుడూ వచ్చే అంకె వస్తే మా కొలతలు సరిగ్గా ఉన్నట్టు. రాలేదంటే మా చేతుల్లోనో మా సరంజామాలోనో ఏదో తేడా ఉన్నట్టు, ఆ తేడా దొరికేదాకా ల్యాబ్‌లోంచి ఒక్క రిపోర్టు కూడా బయటికి వెళ్ళడానికి లేదు. అందుకే మేము దాన్ని పెద్దాయన అనేవాళ్ళం. పెద్దాయన్ని తాకాలంటే చేతులు కడుక్కోవాలి. పెద్దాయన ముందు తుమ్మకూడదు. పెద్దాయన నెత్తిన ఇంగ్లీషులో, కన్నడంలో, తెలుగులో ఒక బోర్డు: "ఇందులో ఆహారం వేడి చేయరాదు." (ఓవెన్ మీద అలాంటి బోర్డు లోకంలో ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు.)

ఆ బోర్డు చూసినప్పుడల్లా నా కడుపు రగిలిపోయేది. మా పీజీ ఆంటీ రాత్రి మిగిలిన అన్నానికి పొద్దున నిమ్మకాయ పిండి, పోపు వేసి, చిత్రాన్నం అని పేరు పెట్టి బాక్సులో కట్టేది. ఇవాళా చిత్రాన్నమే, రేపూ చిత్రాన్నమే. మధ్యాహ్నానికి అది చల్లబడి, మెతుకు మెతుక్కీ మాటల్లేని కుటుంబంలా ఉండేది. చుట్టూ అన్ని ఓవెన్లు! ఒక్కదాంట్లో కూడా నా బాక్సు పెట్టడానికి లేదు, అవన్నీ కస్టమర్ల స్యాంపుళ్ళు. ప్యాంట్రీలో మాకోసం ఒక ఓవెన్ ఉండేది గానీ అది పాడై చాలాకాలం అయింది. ఓవెన్లు పరీక్షించే ల్యాబ్‌లో ఓవెన్ బాగుచేయించే తీరిక ఎవరికీ లేదు. "చల్లగా తింటే అరుగుతదిలేరా, లైట్ తీసుకో" అనేది కస్టర్డ్ అక్క, తను మాత్రం ఫ్లాస్కులో వేడి సాంబారు తెచ్చుకుని. నోరు మూసుకుని తినేవాణ్ణి. ఎందుకంటే నాది అప్పటికి ప్రొబేషన్. దసరా వెళ్ళాక పర్మనెంట్ చేస్తారో, ఏలూరు బస్సు ఎక్కిస్తారో సారు చెప్పే ఒక్క మాట మీద ఉంది. బస్సు ఎక్కడానికి నాకేం అభ్యంతరం లేదు, ఆ బస్సులో అయినా కూర్చుని నిద్రపోవచ్చు. కానీ దిగాక "సైంటిస్టు గారు వచ్చేశారేంటి" అని అడిగేవాళ్ళకి మా నాన్న ఏం చెప్తారు? అది తలుచుకుంటేనే ఏడుపు వచ్చేది.

ఇంతలో ఆయుధపూజ వచ్చింది. బెంగళూరులో ఆ రోజు పనిముట్టు ఉన్న ప్రతి చోటా పండగే. మెకానిక్కు స్పానర్లకి, ఆఫీసువాళ్ళు కంప్యూటర్లకి, మేము ఓవెన్లకి. ముందు రోజంతా నేను తుడిచినచోటే తుడిచాను. పండగనాడు స్టాఫు ఇళ్ళవాళ్ళు కూడా వచ్చారు, ల్యాబ్ అంతా పట్టుచీరలు, మల్లెపూలు, పిల్లల కేకలు. పెద్దాయన ఉండే చక్రాల బల్లకి కారుకి పెట్టినట్టే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. "బొట్లు బయట మాత్రమే! లోపల చెయ్యి పెడితే ఊరుకోను!" అని పది డిగ్రీల సారు అందరి వెనకాలా తిరుగుతూనే ఉన్నారు. ఆయన వాళ్ళమ్మగారిని కూడా తీసుకొచ్చారు. బక్కపలచని మనిషి, నుదుటి నిండా కుంకుమ. కుర్చీ వేసినా కూర్చోకుండా నేరుగా పెద్దాయన దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఇదేనేమిరా నువ్వు నిద్దర్లో గూడా కలవరించే మిషను? దీంట్లో నిప్పు యాడుండాది?" అని కొడుకుని అడిగింది.

"నిప్పుండదమ్మా. లోపల పక్కగోడకు అట్ట మాదిరి ఉండాది చూడు, మైకా అట్ట. దాని వెనకాల నుంచి వస్తాది శక్తి అంతా. దీని ఊపిరి అనుకో" అన్నారు సారు, తల్లికి పాఠం చెప్పే అవకాశం వచ్చినందుకు పొంగిపోతూ.

అవ్వ ఆ అట్టని తేరిపార చూసి, పక్కనే తుడుపుగుడ్డ పట్టుకుని నిలబడ్డ నావైపు తిరిగింది. "ఏం నాయనా, అంత వాడిపోయి ఉండావు? నీది పర్మనెంటు ఉద్యోగమేనా?"

"ఇంకా కాలేదవ్వా. పండగ వెళ్ళాక తెలుస్తుంది" అన్నాను.

"మధ్యాన్నం ఏమి తింటావు?"

"చిత్రాన్నం అవ్వా."

"వేడిగా?"

నేను సారు వైపు చూశాను. సారు బోర్డు వైపు చూశారు. అవ్వకి అర్థమైపోయింది. "ఇన్ని పొయ్యిలు పెట్టుకోని బిడ్డకు చల్లకూడు పెడతా ఉండావేమిరా? ఇదేం ధర్మమురా?" అని కొడుకుని అందరి ముందూ కడిగేసింది. "అవి పొయ్యిలు కాదమ్మా, స్యాంపుళ్ళు" అని ఆయన గొణిగారు. నాకు లోపల ఎంత చల్లగా అనిపించిందో చెప్పలేను. ఆ సంతోషం అనుభవించే లోపే సారు నన్ను బూడిదగుమ్మడికాయ కొట్టడానికి గేటు బయటికి పంపించేశారు. పండగ అయిన తెల్లారి ఆయన వాళ్ళమ్మగారిని తీసుకుని తిరుమల వెళ్ళిపోయారు.

సెలవులు అయ్యాక వచ్చిన సోమవారం యథాప్రకారం నీళ్ళు చల్లబరిచి పెద్దాయన్ని పరీక్షించాను. అంకె పడిపోయింది. కొద్దిగా కాదు, పెద్దాయనకి పక్షవాతం వచ్చినంత పడిపోయింది. నావే తప్పేమోనని మళ్ళీ చేశాను, అదే తంతు. కస్టర్డ్ అక్క తన పళ్ళెం పెట్టి వండితే ఎప్పుడూ గుండ్రంగా, ఒద్దికగా గట్టిపడే కస్టర్డ్ ఒక పక్కకి ఒరిగిపోయి గట్టిపడింది. అంతకన్నా వింత ఏమిటంటే, తలుపు తీయగానే గుప్పున చిత్రాన్నం వాసన.

కస్టర్డ్ అక్క ముక్కు ఎగబీల్చి, నావైపు తిరిగి, గొంతు తగ్గించింది. "నిజం చెప్పురా. సారు లేడు గదా అని బాక్స్ పెట్టినవా ఇందులో?"

"ఒట్టు అక్కా! దాని జోలికి నేనెందుకు పోతాను?"

"నేనైతే నమ్ముతా. సారు నమ్మాలె గదా" అంది.

తిరుమల నుంచి గుండు చేయించుకుని వచ్చిన సారు నమ్మలేదు. లడ్డూ నా చేతిలో పెడుతూనే పెద్దాయన తలుపు తీసి వాసన చూశారు. నన్ను చూశారు. నా టిఫిన్ బాక్సు చూశారు. ఆ గుండుతో, ఆ చూపుతో నిలబడితే నాకు మా హైస్కూలు డ్రిల్లు మాస్టారు గుర్తొచ్చారు. "నూనె చిందిందప్పా లోపల. పోపు నూనె గోడలకు అంటుకోని, వేడంతా అదే తాగేస్తా ఉండాది. నీకు నేను ఎన్నిసార్లు చెప్పినాను?" అన్నారు. నేను పెట్టలేదు సార్ అన్నాను. "మరి ఎవరు పెట్టినారు? ఈ ల్యాబ్‌లో చిత్రాన్నం తినేది ఇంకెవరుండారు?" అన్నారు. మా పీజీ ఆంటీ నాకు అంత పేరు తెచ్చిపెట్టింది మరి. "రిపోర్టులన్నీ నిలిచిపోయినాయి. నీ పర్మనెంటు సంగతి దీని తరవాత చూస్తాం" అనేసి వెళ్ళిపోయారు.

ఆ వారం నేను పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. పెద్దాయన లోపలి గోడలు సబ్బునీళ్ళతో తుడిచాను, మంచినీళ్ళతో తుడిచాను, పొడిగుడ్డతో తుడిచాను. గాజుపళ్ళెం మార్చాను. థర్మామీటర్లు మార్చాను. కరెంటు సరిగ్గా వస్తోందా అని స్టెబిలైజరు చుట్టూ ప్రదక్షిణాలు చేశాను. నీళ్ళు చల్లబరచడం, పెట్టడం, తీయడం, కలపడం, ఓవెన్ చల్లారేదాకా కూర్చోవడం. మళ్ళీ నీళ్ళు. కలలో కూడా నీళ్ళు పదకొండు డిగ్రీలు చూపించేవి. అయితే ఒక విడ్డూరం గమనించాను. పరీక్ష చేసినకొద్దీ అంకె నెమ్మదిగా పైకి వస్తోంది, జ్వరాన పడ్డ మనిషి కోలుకున్నట్టు. వాసన కూడా మారుతోంది, చిత్రాన్నం పోయి మాడిన నిమ్మకాయ ఊరగాయ వాసన. సారుకి చెప్తే "చూసినావా, నూనె మాడిపోతా ఉండాది, నేను చెప్పలేదా" అన్నారు. ఏది జరిగినా నా మెడకే చుట్టుకుంటోంది! ఆంటీ కాళ్ళావేళ్ళా పడి చిత్రాన్నం మాన్పించి పెరుగన్నం కట్టించుకున్నాను. అయినా పెద్దాయన తలుపు తీస్తే నిమ్మకాయ వాసనే.

పెరుగన్నం మొదలైన రెండో రోజు మధ్యాహ్నం సారు మళ్ళీ వచ్చి "ఇంకా వాసన వస్తానే ఉండాది కదప్పా" అన్నారు. అంతే, నాలో ఏదో తెగింది. కోపం అనలేను. కోపానికి ఓపిక కావాలి, అది లేదు. "సార్, ఇవాళ నేను పెరుగన్నం తెచ్చుకున్నాను. నిన్న కూడా పెరుగన్నమే. చేరిన రోజు నుంచీ చల్లటి అన్నమే తింటున్నాను సార్, ఒక్కరోజు వేడి మెతుకు ఎరగను. చుట్టూ ఇన్ని ఓవెన్లు పెట్టుకుని, ఒక్కదాన్ని కూడా నా బాక్సుతో ముట్టుకోలేదు. పర్మనెంట్ చేయకపోతే మానేయండి, ఊరికి పోయి హాయిగా పడుకుంటాను. కానీ ఆ నూనె నాది కాదు. గోడలన్నీ నేనే కడిగాను, అక్కడ నూనె లేదు. ఇక మిగిలింది ఆ మైకా అట్ట వెనకాలే. అది విప్పండి, మీరే చూడండి" అన్నాను. సిగ్గులేకుండా కళ్ళు తుడుచుకున్నాను.

"మైకా అట్ట" అనే మాట దగ్గర సారు ముఖం మారిపోయింది. అప్పటిదాకా నన్ను చూస్తున్న మనిషి పెద్దాయన్ని చూడటం మొదలుపెట్టారు. గుండు మీద చెమట పట్టింది. "స్క్రూడ్రైవర్ ఇట్లియ్యి" అన్నారు. మామూలుగా విప్పమని ఎవరికో చెప్పే మనిషి తనే మోకాళ్ళ మీద కూర్చుని, స్క్రూ విప్పి, అట్ట పక్కకి జరిపారు. లోపలి నుంచి నల్లగా, గట్టిగా, గవ్వలా ముడుచుకుపోయిన వస్తువు ఒకటి ఆయన అరచేతిలో పడింది. సగానికి కోసిన నిమ్మచెక్క. దాని అంచున కుంకుమ ఇంకా ఎర్రగానే ఉంది.

కస్టర్డ్ అక్క దాన్ని వంగి చూసి, ఎంతో మర్యాదగా, "సార్, ఇది మనోడి లంచ్ అయితే గాదు" అంది.

సారు స్టూలు మీద కూలబడ్డారు. నీళ్ళకి చేరాల్సిన వేడిని దారిలోనే ఆ నిమ్మచెక్క తాగేసింది, అది ఎండినకొద్దీ అంకె లేచింది. లెక్క ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. "మా అమ్మ" అని మొదలుపెట్టి ఆగిపోయారు. తరవాత నేలవైపు చూస్తూ చెప్పారు. "నువ్వు గుమ్మడికాయ కొట్టేదానికి పోయినప్పుడు పెట్టించింది. తెల్లారి తీసేద్దామనుకుంటి. కొండకు పోయేసరికి మర్చేపోతి."

"ఎందుకు పెట్టించారు సార్?" అన్నాను.

"నీ కోసమేనప్పా! ఆ పిల్లోని ఉద్యోగం ఇంకా నిలబళ్ళేదంట, మొగమంతా దిష్టి కొట్టుకోని ఉండాది, మిషనుకు ఊపిరాడే చోట నిమ్మకాయ పెట్టు అని పట్టుబట్టె. నేను కాదంటే ఆ రోజు ఇంట్లో నాకు అన్నం పుట్టదు."

నాకు నవ్వు వచ్చింది. ఎంత నవ్వు వచ్చిందంటే పెద్దాయన బల్ల పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. నా ఉద్యోగం నిలబెట్టడానికి పెట్టిన నిమ్మకాయ నా ఉద్యోగానికే ఎసరు పెట్టింది! కస్టర్డ్ అక్క అయితే ఫ్రిజ్ వెనక్కి వెళ్ళి నవ్వుకుంది. సారు నవ్వలేదు. క్షమించమనీ అనలేదు, ఆయన అలా అనే మనిషి కాదు. ఆ నిమ్మచెక్కని కాగితంలో పొట్లం కట్టి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు మధ్యాహ్నం నేను పెరుగన్నం బాక్సు తెరుస్తుంటే సారు ఒక స్టీలు క్యారియరు పట్టుకుని వచ్చారు. "అమ్మ పంపించింది. నువ్వు రాప్పా" అని నన్ను పెద్దాయన ముందుకి తీసుకెళ్ళారు. క్యారియరు మూత తీస్తే చిత్రాన్నం! వేరుసెనగ గుళ్ళు, పచ్చికొబ్బరి, వాళ్ళింటి నిమ్మకాయ. స్టీలు లోపల పెట్టకూడదు కాబట్టి, మేము నీళ్ళు కొలిచే ఆ గాజు గిన్నెలోకే దాన్ని వంపారు. నేను గుడ్లప్పగించి చూస్తున్నాను. బోర్డు కింద నిలబడి, తలుపు తీసి, ఆ గిన్నెని సరిగ్గా నడుమ పెట్టి, ఆయనే బటన్ నొక్కారు. పెద్దాయన తన జన్మలో మొదటిసారి అన్నం వేడి చేశాడు. గంట మోగాక సారు గిన్నె బయటికి తీసి, అలవాటు చావక, నడుమ థర్మామీటరు గుచ్చారు.

"అంచులు కాలతా ఉండాయి. నడుమ ఇంకా చల్లంగుండాదప్పా. కలుపుకోని తిను" అన్నారు. వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "వచ్చే సోమవారం నుంచి పర్మనెంటు. మా అమ్మకు మాత్రం చెప్పొద్దు, నిమ్మకాయ పని చేసిందంటాది" అన్నారు.

నేను కలపలేదు. అంచుల దగ్గర నాలుక కాల్చుకుంటూ, నడుమ చల్లటి ముద్ద మింగుతూ, అలాగే తినేశాను. కళ్ళలో నీళ్ళు వస్తే నాలుక కాలిందని కస్టర్డ్ అక్కకి చెప్పాను.

ఆ ల్యాబ్ వదిలి చాలా ఏళ్ళయింది. సారు రిటైరయ్యారు, అవ్వ లేదు. నేను మాత్రం ఈ ఊళ్ళోనే, ఈ ట్రాఫిక్‌లోనే, అంతే అలసటతో ఉన్నాను, తేడా అల్లా ఇప్పుడు కారులో కూర్చుని అలసిపోతున్నాను. ఇంట్లో మాకూ ఒక ఓవెన్ ఉంది. ఏది వేడి చేసినా తీసి నడుమ వేలు పెట్టి చూస్తాను, "తినే కూరలో ఆ వేలేంటండీ" అని మా ఆవిడ చేతిమీద కొడుతుంది. ఆయుధపూజ నాడు తను కారుకి, మిక్సీకి బొట్లు పెట్టుకుంటూ వస్తుంటే, నేను ఒక నిమ్మకాయ సగానికి కోసి, కుంకుమ అద్ది తీసుకెళ్తాను. "మీరు ఇలాంటివి నమ్మరుగా?" అంటుంది. నమ్మనంటాను. అంటూనే పెడతాను. ఓవెన్ పైన పెడతాను, లోపల కాదు. ఆ మాత్రం సైంటిస్టునే.